దవాఖాన బండి నీలిపొగ

1943లో, ఎండలు ముదరకముందు, నన్ను చేవెళ్లకు పంపించారు. అప్పుడు నేను నాంపల్లి దగ్గర ఒక ప్రైవేటు మోటారు కార్ఖానాలో అసిస్టెంటు ఫోర్మన్‌గా పనిచేస్తున్నాను. బాగు చేసి ఇచ్చిన బండి మీద ఫిర్యాదు వస్తే చూసి రావడానికి మామూలుగా చార్జ్‌మన్ వెళ్తాడు. అతను ఫిట్టర్ల మీద అధికారి, నాకు ఒక మెట్టు కింద. ఈసారి ఫోర్మన్ నన్నే వెళ్లమన్నారు. మేము ఇంజన్ మొత్తం విప్పి కొత్తగా కట్టి ఇచ్చిన చేవెళ్ల దవాఖాన బండి అది. రెండు నెలలు తిరగకముందే నీలిపొగ వదులుతోందని కబురు వచ్చింది.

యుద్ధం రోజులు. పెట్రోలు కూపన్ల మీద, ఇంజన్ ఆయిలు పర్మిటు మీద దొరికేవి. విదేశాల నుంచి రావలసిన పిస్టన్ రింగులు ఓడల్లో ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు. దవాఖాన బండికి మేము వేసిన రింగులు మా స్టోరులో ఆ సైజులో మిగిలిన ఆఖరి సెట్టు. అవి పాడైతే మళ్లీ వేయడానికి మా దగ్గర ఏమీ లేదు.

చేవెళ్లలో కొన్ని క్రైస్తవ కుటుంబాలు చందాలు వేసుకుని ఒక చిన్న దవాఖాన నడిపేవి. అక్కడ డాక్టరు లేడు. సలోమమ్మ అనే నర్సు ఉండేది. యాభై ఏళ్ల మనిషి, కాన్పులు చేయడంలో గట్టి పేరున్నది. ఇటు మొయినాబాద్, చిన్న మంగళారం, అటు శంకర్‌పల్లి స్టేషను దాకా ఊళ్లకు ఆమె వెళ్లి రావడానికి ఒక పాత అమెరికా కారు ఉండేది. దాన్ని నడిపేది దేవదానం. తండ్రితాతలు వ్యవసాయ కూలీలు. పట్నంలో ఒక దొర దగ్గర బండి కడుగుతూ నడపడం నేర్చుకుని ఊరికి తిరిగివచ్చినవాడు.

బస్సు దిగేసరికి దవాఖాన కమిటీ కార్యదర్శి రాజరత్నం పంతులు నా కోసం నిలబడి ఉన్నారు. బడిపంతులుగా పనిచేసి విరమించిన మనిషి, మాట తూచి మాట్లాడతారు. దవాఖాన దాకా నడుస్తూనే సంగతి చెప్పారు. పట్నంలో ఒక గుత్తేదారు ఈ బండి కొంటానని రెండుసార్లు మనిషిని పంపాడట. కొత్త బండ్లు రావడం లేదు కాబట్టి నడిచే బండి ఏదైనా కొంటున్నారు. ఆదివారం ప్రార్థన తర్వాత కమిటీ కూర్చుంటుంది. ఇంజన్ మళ్లీ విప్పాలని నేనంటే బండిని అమ్మేస్తారు. రింగులు లేనప్పుడు విప్పి షెడ్డులో పెట్టుకోవడం కంటే నడుస్తుండగానే అమ్మడం మేలని పెద్దల అభిప్రాయం. ఆ లెక్కలో నాకు తప్పు కనపడలేదు. కాకపోతే బండి పోతే సలోమమ్మ తిరిగే ఊళ్లు ఎడ్లబండి పోయినంత మేరకు కుంచించుకుపోతాయి. దేవదానం మళ్లీ పొలాల్లో కూలికి పోతాడు. అది పంతులు చెప్పలేదు గానీ, షెడ్డు ముందు నిలబడ్డ దేవదానాన్ని చూస్తే తెలిసింది.

బండి శుభ్రంగా ఉంది. బానెట్ మీద నల్లటి గొంగడి కప్పి ఉంది. గొంగడి ఎందుకని అడిగితే, ఇంజన్‌కు చల్లగాలి తగలకుండా అన్నాడు.

ఇంజన్ స్టార్టు చేయించాను. మోత బాగుంది, బేరింగుల చప్పుడు లేదు. యాక్సిలరేటరు వదిలి మళ్లీ తొక్కమన్నాను. వెనక గొట్టంలోంచి నీలిపొగ గుప్పున వచ్చింది. ఇంజన్ పొగ రంగును బట్టి రోగం చెప్పొచ్చు. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోందని అర్థం. తెల్లపొగ ఆగకుండా వస్తే నీళ్లు దిగుతున్నాయేమో చూడాలి. నీలిపొగ అంటే ఆయిలు కాలుతోంది. వదిలి తొక్కినప్పుడే పొగ ఎక్కువైందంటే ఆయిలు రింగులు దాటి పైకి వస్తోందన్నమాట.

తర్వాత ఆయిలు కొలిచే పుల్ల తీసి వేలితో రాసి వాసన చూశాను. ముక్కుకు తెలిసిపోయింది. ఇందులో ఏం పోశావని అడిగాను.

"ఆముదం సాబ్," అన్నాడు దేవదానం. "మన చేవెళ్ల గానుగలదే, కల్తీ లేదు. మీరిచ్చిన ఆయిలు తక్కువయితాంది, పర్మిటు అయిపోయింది. కచ్రం బండి ఇరుసుకు మా తాత నుంచి ఆముదమే పోస్తున్నం. ఒక్క ఇరుసు అరిగింది లేదు."

అప్పటికి సలోమమ్మ కూడా బయటికి వచ్చింది. పోయమని చెప్పింది తనేనని ఆమె దాచలేదు. ఆముదం లోపలున్న మలినమంతా కడుగుతుందని ఆమె నమ్మకం. ఆ మాటను కొట్టిపారేయడానికి లేదు. ఆముదం మంచి కందెన. పందెం కార్లలోనూ విమానాల్లోనూ వాడిన రోజులున్నాయి. చిక్కు ఏమిటంటే, భూమిలోంచి తీసిన ఆయిలుతో అది కలవదు. వేడి మీద కలిసినట్టు కనిపించినా చల్లారితే విడిపోతుంది. వేడి ఇనుము మీద లక్కలాగా అతుక్కుంటుంది కూడా. ఇది నోటితో చెబితే వాదనే మిగులుతుంది. ఇంజన్‌లోని ఆయిలు కొంచెం దింపి దవాఖానలోని మందుసీసా ఒకటి అడిగి అందులో పోసి కిటికీలో పెట్టాను.

తర్వాత ఇద్దరినీ కూర్చోబెట్టి, కార్ఖానా నుంచి తెచ్చిన రోజు మొదలు బండిని ఎట్లా నడిపారో చెప్పమన్నాను. మా వృత్తిలో సగం రోగం డ్రైవరు మాటల్లోనే దొరుకుతుంది. అడ్డం రాకుండా వింటే చాలు.

బండి అప్పగించేటప్పుడు మా ఫోర్మన్ చెప్పింది రెండు మాటలు: వెయ్యి మైళ్ల దాకా ఉరికించొద్దు, బరువు వేయొద్దు. అన్ని కార్ఖానాల్లోనూ అదే చెప్పేవారు. దేవదానం ఆ మాటలు తెచ్చి సలోమమ్మకు చెప్పాడు. కడుపు కోసి మళ్లీ కుట్టిన ఇంజన్‌ను ఎట్లా సాకాలో ఆలోచించింది ఆమె. ఎన్నో ఏళ్లుగా ఆమె చేస్తున్న పని అదే కాబట్టి, అందులోంచే ఏర్పాట్లన్నీ చేసింది. గాలి తగలకుండా గొంగడి. ఒళ్లు బిగుసుకుపోకుండా రోజూ పొద్దున షెడ్డులోనే చాలాసేపు ఇంజన్ నడిపించడం. బయటికి తీస్తే మెల్లగా, దగ్గరి ఊళ్లకు మాత్రమే.

ఇక బరువు సంగతి. చిన్న మంగళారం నుంచి కాన్పుకు పిలుపు వస్తే సలోమమ్మ ఎడ్లబండి కట్టించుకుని అందులో వెళ్లేది. ఆమె వెనకాలే దేవదానం కారును ఖాళీగా, ఎడ్ల నడకకు తగ్గట్టుగా నడుపుకుంటూ వచ్చేవాడు. కారుకు నడక అలవాటు కావాలి గదా అన్నాడు. నాకు నవ్వు వచ్చింది గానీ ఆపుకున్నాను. పంతులు మాత్రం ఆపుకోలేదు.

"ఊరంత నవ్విండ్రు సాబ్," అన్నారాయన. "ముంగట నర్సమ్మ ఎడ్లబండి, ఎనుక దొర లెక్క ఖాళీ కారు. ఎవరి పెండ్లి అని అడిగిండ్రు."

"నవ్వినోళ్లు నవ్వని పంతులూ," అంది సలోమమ్మ. "చెప్పిన మాట తప్పలే మేం."

ఆ మాట నిజం. చెప్పినదానికి మించి జాగ్రత్త పడ్డారు. ఇంజన్ పాడైంది ఆ జాగ్రత్త వల్లనే.

ఈ పని తెలియనివారి కోసం కొంచెం వివరంగా రాస్తాను. అరిగిన సిలిండరును బోరు తిప్పి పెద్దది చేస్తే, గోడ మీద కంటికి కనపడని సన్నటి గీతలు మిగులుతాయి. అవి ఉండాలి. పిస్టను చుట్టూ ఉండే కొత్త రింగు ఆ గీతల మీద రాసుకుంటూ తాను కొంత అరిగి, గోడను కొంత అరగదీసి, దానికి సరిగ్గా సరిపోతుంది. దీన్ని మేము రింగు కూర్చోవడం అనేవాళ్లం. రింగు గోడకు గట్టిగా ఒత్తుకుంటేనే ఈ అరుగుడు జరుగుతుంది. ఆ ఒత్తిడి ఇచ్చేది పైన మండే గ్యాసు. ఇంజన్ బరువు లాగుతుంటేనే ఆ మంటకు బలం ఉంటుంది. ఉత్తగా నిలబెట్టి నడిపిస్తే మంట చిన్నది, ఒత్తిడి లేదు. రింగు గోడ మీద జారుతుందే తప్ప అరగదు. మిగిలిన ఆయిలు గీతల్లో పడి కాలి గాజులాగా పేరుకుంటుంది. గాజు పట్టిన గోడ మీద రింగు ఎన్నాళ్లు తిరిగినా కూర్చోదు. ఆముదం ఆ గాజుకు మరో పొర వేసింది.

అట్లాగని మొదటి రోజే పూర్తి వేగంతో పోతే కొత్త పిస్టను వేడికి పొంగి సిలిండరులో పట్టేస్తుంది. ఉరికించొద్దు అనడం ఇందుకే. కానీ వద్దన్న మాటలతోనే ఆగిపోవడం అన్ని కార్ఖానాల్లో అలవాటైంది. ఏం చేయాలో చెప్పేవారు తక్కువ.

మరునాడు పొద్దున సీసా చూశాం. పైన నల్లటి ఆయిలు, అడుగున మసకగా చిక్కటి పొర, రెండింటికీ మధ్య గీత గీసినట్టుంది. సలోమమ్మ సీసాను వెలుగుకు పట్టి తిప్పి చూసింది. తర్వాత దేవదానం వైపు తిరిగి, ఇంక పొయ్యకురా అంది.

ఇంజన్ వేడి చేసి ఆయిలంతా దింపేశాం. అడుగున ఉండే రేకు తొట్టి విప్పితే మూలల్లో జిగురు కనిపించింది. కిరసనాయిలుతో తుడిచి, పల్చటి ఆయిలు పోసి కొంచెంసేపు నడిపి అదీ దింపాం. ఇక కొత్తగా ఏ ఆయిలు పోయాలన్నది ప్రశ్న. నేను వచ్చేటప్పుడే పట్నం నుంచి ముప్పై నంబరు డబ్బా ఒకటి తెచ్చాను. ఆయిలుకు నంబరు పెరిగిన కొద్దీ చిక్కదనం పెరుగుతుంది. పంతులు అప్పుడు ఒక మాట అడిగారు. గుత్తేదారు మనిషి, లారీలకు వాడే యాభై నంబరు ఆయిలు పోస్తే పొగ ఆగిపోతుందని చెప్పాడట, నిజమేనా అని.

నిజమే. చిక్కటి ఆయిలు రింగులను అంత సులువుగా దాటదు, పొగ తగ్గుతుంది. పాత బండిని అమ్మేవాళ్లు చేసే పనే అది. కానీ కొత్తగా కట్టిన ఇంజన్‌లో భాగాల మధ్య సందు చాలా తక్కువ. చిక్కటి ఆయిలు ఆ సందుల్లోకి వెంటనే దూరదు, వేడిని తొందరగా మోసుకుపోదు. పైగా పొగ కనపడకపోతే రింగు కూర్చుందో లేదో ఎట్లా తెలుస్తుంది? నేను ముప్పై నంబరే పోశాను. పొగ వస్తే రానీయమన్నాను. ఇకముందు మనకు దారి చూపేది పొగే అని చెప్పాను.

మిగిలింది ఒకే దారి. గాజు ఇంకా పలచగా ఉంటే, బరువు వేసి నడిపి రింగులతోనే దాన్ని గీకించాలి. కుదరకపోతే విప్పాలి, అంటే అమ్మాలి. రింగులు విరిగే ప్రమాదం కూడా ఉందని పంతులుకు ముందే చెప్పాను. ఆయన కానియ్యమన్నారు.

జొన్న బస్తాలు తెప్పించి వెనక క్యారియరు మీద కట్టిస్తుంటే సలోమమ్మ అడ్డం వచ్చింది. లోపల బాగాలేని దాని మీద బస్తాలు వేస్తారా అని. ఆమె ఒప్పుకోకపోతే దేవదానం కాలు కదలదని నాకు తెలుసు. అందుకని ఆమె పని సంగతే అడిగాను. కాన్పు అయినవాళ్లను ఎన్నాళ్లు పడుకోబెడతారని.

"నేనెక్కడ పండవెడ్త? ఇండ్లల్ల అత్తలు పండవెడ్తరు. కూలి చేసుకునేటోళ్లు మూడోనాడే లేస్తరు, వాళ్లే జెల్ది కోలుకుంటరు. మంచం దిగనియ్యనోళ్లకు కాళ్లు వాస్తయి. లేపి నడిపియ్యిండ్రి అని నేను కొట్లాడ్త."

"మరి దీన్నెందుకు లేపలేదమ్మా?"

ఆమె నన్ను చూసింది, బండిని చూసింది. "బరువెయ్యొద్దని మీ మేస్త్రే అన్నడు గద," అంది. కోపంగా అనలేదు. జవాబు ఇవ్వవలసింది మా కార్ఖానా. బస్తా తాడు ఇంకో కొసను ఆమే పట్టుకుని బిగించింది.

బస్తాలు చాలవని, వెనక సీట్లో మనుషులు కూర్చోవాలన్నాను. పంతులు, కమిటీలో ఇంకో పెద్దమనిషి, వారి పక్కన సలోమమ్మ ఎక్కారు. నేను దేవదానం పక్కన కూర్చున్నాను. స్టీరింగు నేను తీసుకోలేదు. రేపటినుంచి బండిని నడపవలసింది అతను.

చేవెళ్ల నుంచి మొయినాబాద్ దాకా దారి పల్లం. ఇంజన్ మెల్లగా వేడెక్కనిచ్చాం. మొయినాబాద్‌లో ఆగి, రేడియేటరు నీళ్లు, ఆయిలు చూసుకుని వెనక్కి తిప్పాం. చేవెళ్ల దిక్కు ఎక్కుడు మొదలయ్యే చోట అసలు పని. పద్ధతి ఇది: టాపు గేరులో ఇరవై మైళ్ల వేగం నుంచి ముప్పై అయిదు దాకా బాగా తొక్కి లాగించాలి. అక్కడ కాలు పూర్తిగా ఎత్తేసి, బండి తనంతట తాను ఇరవైకి దిగేదాకా ఆగాలి. తొక్కినప్పుడు గ్యాసు రింగును గోడకు ఒత్తుతుంది. ఎత్తినప్పుడు లోపలి పీలుపుకు కొంచెం ఆయిలు పైకి వచ్చి, రాలిన ఇనుప పొడిని కడుగుతుంది. ఇట్లా మళ్లీ మళ్లీ చేయాలి.

మొదటిసారి తొక్కమంటే దేవదానం సగమే తొక్కాడు. ఇంకా తొక్కమన్నాను.

"నా కాలు పోతలేదు సాబ్. గిదిట్ల పగిల్తే నా బతుకే పాయె."

వెనకనుంచి సలోమమ్మ ముందుకు వంగి అతని భుజం మీద చెయ్యి వేసింది. "నొప్పులప్పుడు గట్టిగ ముక్కుమని ఆడోళ్లకు చెప్త నేను. నువ్వు మొగోడివి, జర తొక్కు," అంది. పంతులు గొంతు సవరించుకుని కిటికీలోంచి బయటికి చూశారు.

అతను తొక్కాడు. బండి బరువు మీద గుర్రుమని లాగింది. కాలు ఎత్తి మళ్లీ తొక్కేసరికి వెనక రోడ్డంతా నీలిపొగతో కప్పుకుపోయింది. పొలంలో నాగలి దున్నేవాళ్లు ఎడ్లను ఆపి చూశారు. ఒకతను పరుగెత్తుకొచ్చి బండి అంటుకున్నదని కేకేశాడు. ఆగొద్దని చెప్పాను. పొగ మొదట పెరగాలి. అది గోడమీది మడ్డి కాలుతున్న గుర్తు.

ఎక్కుడు అయిపోయాక బండి ఆపి ఇంజన్ చల్లారనిచ్చాం. మళ్లీ మొయినాబాద్ దాకా దిగి, మళ్లీ ఎక్కించాం. రెండోసారి సగం దారికి పొగ పలచబడడం మొదలైంది. మూడోసారి ఎక్కేటప్పుడు దేవదానం నేను చెప్పకుండానే తొక్కుతున్నాడు, చెప్పకుండానే కాలు ఎత్తుతున్నాడు. ఇంజన్ గొంతు కూడా మారింది. మునుపు గాలి కారుతున్నట్టుండే లాగుడు బిగిసింది. చేవెళ్ల పొలిమేరలో దిగి వెనక నిలబడి చూశాను. కాలు ఎత్తి తొక్కినప్పుడు సన్నటి నీలితీగ ఒకటి వచ్చి పోయింది. పూర్తిగా మాత్రం పోలేదు.

చేతితో తిప్పే హ్యాండిలు వేసి ఒక్కో సిలిండరు బిగువు చూశాను. మూడు బాగా తన్నుతున్నాయి. నాలుగోది కొంచెం మెత్తగా ఉంది. దానికి పట్టిన గాజు బహుశా ఎప్పటికీ పోదు.

పంతులు నన్ను పక్కకు పిలవలేదు. అందరి ముందే అడిగారు, ఏమంటారని. ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంజన్ విప్పనవసరం లేదు. నడుస్తుంది. మిగతా బండ్లకంటే ఎక్కువ ఆయిలు తాగుతుంది, తాగినా ముప్పై నంబరే పోయాలి. కొత్త ఆయిలును తొందర్లోనే ఒకసారి మార్చాలి, దాంట్లో ఇనుప పొడి ఉంటుంది. వారానికి ఒకసారైనా ఇట్లా బరువుతో ఎక్కుడు ఎక్కించాలి. కొత్తదానిలాగా మాత్రం ఉండదు.

కమిటీ ఆదివారం దాకా ఆగలేదు. ఇద్దరు పెద్దలూ రోడ్డు పక్కన నిలబడి మాట్లాడుకున్నారు. రెండో పెద్దమనిషి పొగ ఇంకా ఉన్నదనీ, ఇప్పుడైతే గుత్తేదారు కొంటాడనీ, రేపు కొంటాడో లేదో అనీ అన్నాడు. పంతులు అంతా విని, చివరికి ఇంత మాత్రం అన్నారు:

"గిన్ని బస్తాలతోటి మనలనే మోసింది. ఒక్క నీళ్లాడే ఆడమనిషిని మోయదా?"

దేవదానం బానెట్ ఎత్తి, ఇంజన్‌కు గాలి తగిలేటట్టు పెట్టి, రేడియేటరులో నీళ్లు పోయడానికి బొక్కెన కోసం వెళ్లాడు.

ఆ బండి యుద్ధం అయిపోయేదాకా దవాఖానకే నడిచింది. ఆ తర్వాత రింగులు దొరికాక మా దగ్గరికే వచ్చింది. విప్పి చూస్తే నాలుగో సిలిండరు గోడ మీద గాజు చారలు అట్లాగే ఉన్నాయి. మిగతా మూడూ అద్దంలా కాకుండా, ఉండవలసినట్టు మసకగా, సమంగా అరిగి ఉన్నాయి.

చేవెళ్ల నుంచి తిరిగి వచ్చాక నేను ఫోర్మన్‌కు రిపోర్టు ఇచ్చాను. ఆయన చదివి, బండి అప్పగించే పద్ధతి మార్చారు. అప్పటినుంచి కట్టిన ప్రతి ఇంజన్‌ను మాలో ఒకరు డ్రైవరు పక్కన కూర్చుని, బరువు వేసి, ఎక్కుడు దారిలో అతని చేతే తొక్కించి, ఎత్తించి చూపేవారు. నేను ఆ పనిలో ఉన్నన్నాళ్లూ అది తప్పలేదు. చేయకూడనివి మాత్రమే చెప్పి పంపితే, చేయవలసినవి ఎవరి ఇంట్లో ఉన్న తెలివిని బట్టి వారు పూరించుకుంటారు. ఆ తెలివి మంచిదే అయినా ఇంజన్‌కు సరిపోవాలని లేదు. కొత్తగా కట్టిన ఇంజన్‌కు ఎంత పని ఇవ్వకూడదో చెప్పడం ఎంత ముఖ్యమో, ఎంత పని ఇవ్వాలో చెప్పడం కూడా అంతే ముఖ్యం. రెండోది చెప్పడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఒక గ్యాలను పెట్రోలు కూడా ఖర్చవుతుంది. ఆ ఖర్చు కార్ఖానాయే పెట్టుకోవాలి.